స్తంభాల మీది తెల్ల గీతలు

మా ఆఫీసు ఏడో అంతస్తులో ఒక పెద్ద తెర ఉంది. ఆ తెర మీద మా ట్రామ్ ఎప్పుడూ ఆగలేదు. అక్కడ పట్టాల మీద కారు నిలబెట్టి మందులు కొనడానికి వెళ్ళేవాళ్ళుండరు. పట్టాల గాడిలో ఇరుక్కున్న సీసామూతలుండవు. తలుపు సందులో సంచి పెట్టి, వెనక వస్తున్న చెల్లెలి కోసం బండి ఆపేవాళ్ళుండరు. తెల్లబట్టలు వేసుకున్న మనుషులు చెట్ల నీడన నవ్వుతూ ఎక్కుతారు, నవ్వుతూ దిగుతారు. ఆ బొమ్మలు చూపించే సలహాదారుకి డిపోలో వాళ్ళు బొమ్మలాయన అని పేరు పెట్టారు. నాకు తెలిసి ఆయన మా ట్రామ్ ఒక్కసారే ఎక్కాడు. అదీ ఫొటో కోసం. బండి కదలకముందే దిగిపోయాడు.

పాత బజారు నుంచి ఆసుపత్రి మిట్ట దాకా ఉన్న రెండున్నర కిలోమీటర్లలో కరెంటు తీగలు తీసేసి, బ్యాటరీ మీద నడిచే ట్రామ్‌లు వేయాలన్న ఆలోచన ఆయనదే. ఆలోచనలో తప్పు లేదు. చాలా ఊళ్ళలో అలాంటి బండ్లు నడుస్తున్నాయి. పాత మేడల ముందు తీగల గజిబిజి పోతే వీధి తెరిపిగా ఉంటుంది. నేను చదువుకున్నదాన్ని, అంతమాత్రం తెలుసు. నాకు రోత పుట్టించింది ఆలోచన కాదు, మావాళ్ళు దాన్ని చేసిన తీరు. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ముందు నా సంగతే చెప్పాలి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదట. నాన్న లేడు. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, ట్రామ్ డ్రైవరు. చిన్నప్పుడు బడి అయ్యాక ఆయన బండి ఎక్కి, సీటు వెనక అద్దానికి ముక్కు ఆనించి కూర్చునేదాన్ని. డిపోలో డ్రైవర్లు టీ తాగే బల్ల మీదే ఎక్కాలు రాశాను. ఇంజనీరుగా అదే సంస్థలో చేరిన రోజు, మామయ్య డిపో అంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ మరుసటి నెల ఆయనకి కొత్త చొక్కాలు వచ్చాయనీ అవి బిగుతయ్యాయనీ, కోడలికి ఉద్యోగం వచ్చిన గర్వంతో ఛాతీ పెరిగిందనీ అత్తయ్య ఎకసెక్కాలాడింది.

మూడేళ్ళ క్రితం నాకు అప్పగించిన మొదటి పని, మిట్ట ఎక్కడానికి ట్రామ్ ఎంత కరెంటు తాగుతుందో కొలవడం. ఆ లెక్కని బట్టే కొత్త బండిలో బ్యాటరీ ఎంత ఉండాలో తేలుస్తారు. మీటరు పట్టుకుని డ్రైవరు వెనక కూర్చోవాలి, నలభై ట్రిప్పులు కొలవాలి. ఎవరి వెనక కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. మామయ్య వెనక కూర్చున్నాను. నలభై ట్రిప్పులూ ఆయన వెనకే.

మామయ్య బండి నడిపితే గ్లాసులో నీళ్ళు తొణకవు. దానికి ఒక కిటుకు ఉంది. తీగల్ని మోసే స్తంభాల మీద, డ్రైవరు కంటికి అందే ఎత్తున, రంగుతో చిన్న గీతలుండేవి. తెల్ల గీత కనిపిస్తే వేగం పెంచే హ్యాండిల్ వదిలెయ్యాలి. అక్కణ్ణుంచి బండి దాని వేగం మీద అదే జారుకుంటూ పోతుంది, కరెంటు అక్కర్లేదు. ఎర్ర గీత దగ్గర మెల్లగా బ్రేకు. ఏ తరం డ్రైవర్లు మొదలుపెట్టారో తెలియదు. వానకి వెలిసిపోయినప్పుడు ఎవరో ఒకరు డిపో నుంచి రంగు డబ్బా తీసుకెళ్ళి మళ్ళీ గీసేవారు. ఏ నిబంధనల పుస్తకంలోనూ ఆ గీతల మాట లేదు. అందరు డ్రైవర్లూ వాటిని చూస్తారు, మామయ్య మాత్రం అడుగు కూడా తప్పడు. ఆయన చేతిలో మిట్ట ఎక్కడానికి పట్టే కరెంటు, మిగతావాళ్ళకి పట్టేదానిలో నాలుగింట మూడు వంతులే ఉంటుందని తర్వాత తెలిసింది.

నా లెక్కలు రెండు వందల పేజీల నివేదికలో చివరి అనుబంధమయ్యాయి. మిగతాదంతా బొమ్మలు. కొత్త బండి బరువుకి తగ్గట్టు లెక్క సరిచేసి, పైన పది శాతం కలిపి బ్యాటరీ ఖాయం చేశారు. తక్కువ బ్యాటరీతో మిట్ట ఎక్కే ట్రామ్ అని మా పెద్దసారు, అంటే సంస్థ డైరెక్టరు, సభల్లో చెప్పుకున్నాడు. చిన్న బ్యాటరీ ఎలా సరిపోతుందని ఒక్కరూ అడగలేదు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. అప్పుడు నేనూ ఊపాను.

తర్వాత తీగలు తీశారు. తీగలతోపాటు ఎనభై ఆరు స్తంభాలూ పెకలించారు. తీగలు తీస్తే తీయండి, స్తంభాలు మాత్రం ఉంచండి అని మామయ్య మరో ఇద్దరు డ్రైవర్లని వెంటబెట్టుకుని ఏడో అంతస్తుకి వచ్చి అడిగాడు. బొమ్మలాయన విన్నాడు. తీగ లేని స్తంభం గుండీ లేని కాజా లాంటిదని నవ్వాడు. ఆ గీతలు ఏ కాగితంలో ఉన్నాయో చూపించమన్నాడు పెద్దసారు. మామయ్య కాగితం చూపించలేక వచ్చిన దారినే కిందికి దిగిపోయాడు. ఆ గదిలో గోడవారగా నేనూ ఉన్నాను. నా లెక్కలకీ ఆ గీతలకీ ఉన్న సంబంధం నాకు ఆ క్షణాన తట్టలేదు. తట్టి ఉండాల్సింది.

మొదటి ట్రయలు ఒక సోమవారం పొద్దున పదకొండింటికి. బండి నిండా మా ఆఫీసు వాళ్ళే, ప్రయాణికుల వేషంలో. వాళ్ళకి చెమట పట్టకూడదని ఏసీ మంచు కురిసేలా పెట్టారు. నడిపేది మామయ్య. బజారు దాటేలోపు కార్లు అడ్డం వచ్చి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆగిన ప్రతిసారీ మళ్ళీ కదలడానికి బ్యాటరీ గుటకలు వేసింది. సరిగ్గా ఆసుపత్రి గేటు ముందు, మిట్ట సగంలో, దీపాలు ఆరిపోయి బండి నిలబడిపోయింది. వెనక అంబులెన్సు కూత మొదలైంది. నలభై నిమిషాల తర్వాత పట్టాలు బాగుచేసే ముసలి డీజిల్ బండి దగ్గుకుంటూ వచ్చి, కొత్త ట్రామ్‌ని ముక్కుకి తాడేసి లాక్కుపోయింది. పెద్దసారు అప్పటికే పక్కసందులోంచి కారెక్కి జారుకున్నాడు. వెనక కారులో వచ్చిన బొమ్మలాయన రోడ్డు పక్కన నిలబడి ఫోనులో ఎవరితోనో, ఇది ఊహించిన ఫలితమేననీ నేర్చుకోవడంలో భాగమనీ చెబుతున్నాడు.

రెండు రోజుల్లో వాళ్ళు నేర్చుకున్నది తేలింది. తప్పు డ్రైవరుదట. అజాగ్రత్తగా నడపడం వల్ల బ్యాటరీ వృథా అయిందట. గురువారం విచారణ. అందులో తప్పు ఖాయమైతే మామయ్య డ్రైవరు సీటు పోతుంది, బండ్లు కడిగే షెడ్డుకి వేస్తారు. ఇరవై ఆరేళ్ళు హ్యాండిల్ పట్టిన చేతికి గొట్టం ఇస్తారు.

నా పై అధికారికి మా సెక్షనులో సర్దుబాటు సారు అని పేరు. ఏ గొడవ వచ్చినా సర్దుబాటు చేద్దాం అంటాడు, ఎవరిదో ఒకరి మెడ మీద సర్దుతాడు. బుధవారం పొద్దున నన్ను పిలిచి, బ్యాటరీ లెక్క సరైనదేనని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టమన్నాడు. డ్రైవరు నా మేనమామ అని ఆయనకి తెలుసు. అందుకే నా సంతకమైతే ఇంకా నమ్మకంగా ఉంటుందట. ఇది అనేటప్పుడు ఆయన ముఖంలో సిగ్గు జాడ కోసం చూశాను. పళ్ళ సందులో ఇరుక్కున్నదేదో తీసుకుంటున్నాడు.

రాయడానికి పాత పట్టిక తెరిచాను. నలభై వరసలు. తేదీ, సమయం, కరెంటు, డ్రైవరు నంబరు. ఆఖరి గడిలో నూట పదిహేడు, నూట పదిహేడు, నలభైసార్లు నూట పదిహేడు. అది మామయ్య నంబరు. ఆ పట్టిక మూడేళ్ళలో ఎంతమంది బల్లల మీద తిరిగిందో లెక్కలేదు. ఆ గడి ఒక్కరూ చదవలేదు. రాసినదాన్ని నేనూ చదవలేదు.

సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన వంటగది గడప మీద కూర్చుని బూట్లకి రంగు వేస్తున్నాడు. విచారణకి మెరుస్తూ వెళ్ళాలని అత్తయ్య హుకుం. ఎందుకంత మెరుపు, రేపట్నుంచి అవి సబ్బునీళ్ళలో నానేవేగా అంటున్నాడాయన. నేను కింద కూర్చుని పట్టిక చూపించాను, ఉన్న సంగతి చెప్పాను. బ్యాటరీని ఆయన చేతివాటం చూసి కట్టారనీ, ఆ చేతికి ఆసరా అయిన స్తంభాల్ని పీకేశారనీ.

ఆయన ఆ నంబర్లు చూశాడు. "మిగతావాళ్ళ వెనక కూచోలేదా?"

"లేదు మామయ్యా."

"ఏం?"

"నువ్వు బాగా నడుపుతావని."

"బాగా నడిపేవాడి లెక్క ఎవడిక్కావాలే? బండి అందరూ నడపద్దూ?" బ్రష్షు కింద పెట్టేశాడు. "నన్ను నెత్తినెక్కించుకుని నన్నే ముంచావు కదే కోడలా."

ట్రయలు రోజు ఏమైందో ఆయనే మెల్లగా చెప్పాడు. స్తంభాలు లేని వీధి పళ్ళూడిన నోరులా ఉందట. హ్యాండిల్ ఎక్కడ వదలాలో కళ్ళు వెతుక్కున్నాయట. ప్రతిచోటా ఆలస్యంగా వదిలాడు, గట్టిగా బ్రేకు వేశాడు. కొత్తగా చేరినవాడిలా నడిపానని చెప్పుకోవడానికి ఆయనకి ముఖం చెల్లలేదు. ఆ మాట విచారణలో అననంటే అననన్నాడు. నన్నూ ఏమీ అనొద్దన్నాడు. వాళ్ళు అడిగిన రెండు వాక్యాలు రాసి ఇచ్చెయ్, ఇద్దరం మునగడం దేనికి అన్నాడు.

అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచే అంది, "రాయమ్మా రాయి. రేపు మీ మామయ్య కడిగిన బండెక్కి ఆఫీసుకి పోదువుగాని."

విచారణ ఏడో అంతస్తులో, అదే తెర ముందు. బల్లకి అటు పెద్దసారు, సర్దుబాటు సారు, బొమ్మలాయన. ఇటు మామయ్య, మెరిసే బూట్లతో. ఆయన కూర్చున్న కుర్చీ మిగతావాటికంటే పొట్టిది. ఎవరో చూసి మరీ వేసినట్టున్నారు. అజాగ్రత్త ఎందుకు జరిగిందని అడిగితే, జరిగిందండీ అని ఊరుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ పనికి ఆయన చెప్పుకున్న సంజాయిషీ ఆ ఒక్కమాట. సర్దుబాటు సారు నావైపు చెయ్యి చాపాడు.

నా కాగితంలో రెండు వాక్యాలే ఉన్నాయి. లేచి చదివాను. "బ్యాటరీ లెక్కకి ఆధారమైన నలభై ట్రిప్పులూ నూట పదిహేడో నంబరు డ్రైవరు ఒక్కరివే, అది నేను చేసిన తప్పు. ఆయన ఏ గీతల్ని చూసి అంత తక్కువ కరెంటుతో నడిపారో ఆ గీతలున్న స్తంభాలన్నిటినీ సంస్థ తీసేసింది."

బల్లకి అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. ముగ్గురూ అనుబంధం వెతుకుతున్నారు. అది ఏ పేజీలో ఉందో ముగ్గురికీ తెలియదు. నేనే చెప్పాల్సి వచ్చింది. బొమ్మలాయన వేలు నంబర్ల మీద పైనుంచి కిందికి జారి ఆగింది. ఈ లెక్క తన కంపెనీ తయారుచేసింది కాదని వెంటనే అన్నాడు. పెద్దసారు తను నివేదికలో సారాంశం మాత్రమే చూస్తానన్నాడు. సర్దుబాటు సారు నేను అప్పటికి కొత్తగా చేరానన్నాడు. ఆ మాట దయతో అన్నది కాదు. పది నిమిషాల క్రితం దాకా వాళ్ళకి ఆ లెక్క బంగారం. ఇప్పుడు దాన్ని ముట్టుకున్నవాడే లేడు. వాళ్ళు తప్పించుకోవడానికి పెద్ద అబద్ధమేదైనా ఆడతారేమో అనుకున్నాను. అంత శ్రమ కూడా పడలేదు. కుర్చీలు రెండంగుళాలు వెనక్కి జరుపుకున్నారు, అంతే.

అదే అదనుగా నేను అడిగాను, తప్పు లెక్కదని తేలింది కాబట్టి డ్రైవరు మీది అభియోగం ఎత్తేసినట్టు ఇప్పుడే రాయండని. వాళ్ళకి ఒక మెడ కావాలి, నాది అంతకుముందే దొరికింది. అభ్యంతరం ఎవరికి? పెద్దసారు సంతకం పెట్టాడు. మామయ్య లేచి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. వేరే దారిలో ఆయన నడిపే బండి పన్నెండింటికి బయల్దేరాలి.

నాకు వారంలో మెమో వచ్చింది. ఏడో అంతస్తులో నా బల్ల తీసేశారు. శిక్షగా, కొత్త బండికే అదనపు బ్యాటరీ తగిలించి, ఆ కొలతలు మళ్ళీ మొదట్నుంచి, తొంభై ఒక్కమంది డ్రైవర్ల వెనకా కూర్చుని తీయమన్నారు. మూడేళ్ళ క్రితం చేయించాల్సిన పనిని శిక్ష పేరుతో చేయించుకోవడం మావాళ్ళకే చెల్లింది.

బొమ్మలాయనకి మాత్రం ఏమీ కాలేదు. నెల తిరక్కుండా కొత్త బొమ్మలతో దిగాడు. వీధికి అందం కోసం, పైన గుండ్రటి దీపాలతో, ఎనభై ఆరు అలంకార స్తంభాలు. పెకలించిన గుంటల్లోనే పాతితే పని తేలికట. పెద్దసారు చప్పట్లు కొట్టాడట. అవి పాతిన మూడో రోజు పొద్దున, ఆసుపత్రి గేటు ముందు వేసిన కొత్త స్తంభం మీద తెల్ల గీత కనిపించింది. అలంకారం పాడుచేసిన వాణ్ణి పట్టుకోవాలని నోటీసు అంటించారు. ఆ నోటీసు కూడా గీత కిందే అంటించారు. ఇప్పుడు గీత ఇంకా బాగా కనిపిస్తోంది.

కొలతలు మొదలుపెట్టే రోజున ఎవరి వెనక కూర్చోవాలో మామయ్యని అడిగాను. ఆయన నాతో మాట్లాడి అప్పటికి నెలన్నర. టీ గ్లాసు కింద పెట్టకుండానే, "సడన్‌బ్రేకు వెనక కూచో, గట్టిగా పట్టుకో" అన్నాడు. సడన్‌బ్రేకు అంటే డిపోలో అందరికంటే మొరటుగా నడిపే మనిషి. ఆయనకీ ఆ పేరు తెలుసు, పిలిస్తే పలుకుతాడు.

మిట్ట ఎక్కేలోపు నా నుదురు రెండుసార్లు అద్దానికి తగిలింది. పైకి చేరాక మీటరు చూశాను. బండి బరువు తేడా తీసేసినా మామయ్య లెక్క మీద మూడో వంతు ఎక్కువ. పట్టిక తీసి, డ్రైవరు నంబరు గడి ముందు నింపాను.