భూతద్దం గారి మౌనం

మావారు బట్టల మిల్లులో తానుల్లో లోపాలు పట్టే ఉద్యోగి. అక్కడ ఆయన్ని భూతద్దం అంటారు. ఆ ఉద్యోగాన్ని ఇరవై ఎనిమిదేళ్ళు ఇంటికి కూడా మోసుకొచ్చారు. కర్టెన్ వంకర, టీ పలచన, నా నవ్వు కాస్త ఎక్కువ.

జబ్బు బయటపడ్డాక అన్నిటికీ "బాగుంది" అనడం మొదలుపెట్టారు. నాకు భయం పట్టుకుంది. ఒకరోజు కూరలో ఉప్పు వేయలేదు. బాగుందన్నారు. మందులకి నాలుక చచ్చిందేమోలే అనుకుని, తెల్ల చొక్కాకి పైబొత్తాం నల్లది కుట్టాను. అదీ బాగుందన్నారు. ఒక్క సణుగుడు కోసం మనిషి ఇంతగా మొహం వాచిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

నాలుగోసారి కీమోకి వెళ్ళాం. ఈ మందు ఎక్కించే ట్యూబుకి బొత్తామంత తెల్లటి ఫిల్టర్ బిగిస్తారు. మందులో కంటికి కనబడని నలుసులు ఉంటే అది ఆపుతుందని మొదటిసారే నర్సు చెప్పింది. టీ వడగట్టేదాన్ని కదా, నాకు ఇట్టే అర్థమైంది.

ఆరోజు వచ్చిన అమ్మాయి కొత్తది. ముందుగా మత్తు తెప్పించే ఇంజెక్షన్ చేసి, సంచీ తగిలించి, ట్యూబు చివర పట్టుకుని ఆయన చేతి దగ్గరికి వంగింది. ఫిల్టర్ ట్రేలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు.

ఆయన చూసి సణుగుతారేమోనని ఒక్క క్షణం ఆగాను. పాడుబుద్ధి. ఆయన పైకప్పు చూస్తున్నారు.

"అమ్మాయ్, ఆ బిళ్ళ మర్చిపోయావు" అన్నాను.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అయ్యో, సారీ ఆంటీ." ఫిల్టర్ బిగించి, తలకిందులుగా పట్టుకుని వేలితో తట్టి గాలి పోగొట్టింది. పెద్ద నర్సుని పిలిచి చూపించాకే చుక్కలు వదిలింది.

వాళ్ళు వెళ్ళాక మావారు మెల్లగా అన్నారు. "ఆ అమ్మాయి ట్రే పెట్టినప్పుడే చూశా."

"మరి నోట్లో ఏముంది?"

"నువ్వు చూస్తున్నావుగా. చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ణి."

"ఇంట్లో కూడా ఇంతేనా? అన్నీ కనిపిస్తూనే ఉన్నాయా?"

ఆయన కనురెప్పలు బరువెక్కుతున్నాయి. "కనిపించకేం? రేపు నేను పోతే, నీకు నా సణుగుడొక్కటే గుర్తుండిపోతుందేమోనని."

మూడు నెలలుగా ఇదా ఈయన చేస్తున్న ఘనకార్యం. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు పడాలో తెలియదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"పోయాక ఏం గుర్తుంచుకోవాలో నా ఇష్టం. ఉన్నన్నాళ్ళూ సణగండి" అన్నాను.

విన్నారో లేదో, అప్పటికే నిద్రలోకి జారిపోయారు. మందు ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది. నేను కూర్చున్న తీరు బాగాలేదని, పక్కవాళ్ళకి దారి అడ్డమని, బ్యాగు మూత తెరిచి వదిలేశానని లేవగానే ఆయన అనడానికి చాలానే ఉన్నాయి. ఒక్కటీ సర్దకుండా, ఆయన కళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను.