చేశారు, చేయించారు

నేను ఒక అద్దాన్ని. అద్దం అనగానే మీకు దువ్వెన, బొట్టుబిళ్ళ, గడ్డం గీసుకునే కత్తి గుర్తుకు వస్తాయేమో, వాటితో నాకు పనిలేదు. నన్ను స్టూడియోలో కెమెరా ముందు ఏటవాలుగా బిగిస్తారు. నా కింద పడుకోబెట్టిన తెర మీద అక్షరాలు తిరగేసి కదులుతుంటాయి, నాలో పడేసరికి అవి సరైపోతాయి. ఎదురుగా కూర్చున్న మనిషి వాటిని చదువుతాడు. కెమెరా నా వెనకాల నుంచి చూస్తుంది కనుక ఇంట్లో ఉన్న మీకు నేను కనబడను. "చేతిలో కాగితం ముక్క లేకుండా ఎంత ధారాళంగా మాట్లాడుతున్నాడో!" అని మీరు మురిసిపోయిన పెద్దమనుషులు చాలామంది చూసింది మీ కళ్ళలోకి కాదు, నాలోకి. నన్ను ప్రాంప్టర్ అద్దం అంటారు.

పాతబస్తీలో ఒక అద్దాల దుకాణంలో నన్ను కోశారు. అదే పలకలోంచి కోసిన నా తోబుట్టువు మిఠాయి కొట్టుకు వెళ్ళింది. దాని జన్మంతా కాజాలు, మైసూరుపాకులు చూడటంతో హాయిగా గడిచిపోతుంది. నా మొహాన మాత్రం మాటలు రాసిపెట్టి ఉన్నాయి.

మొదట ఒక వార్తా ఛానెల్లో పనిచేశాను. అక్కడే నాకు క్రియాపదాల సంగతి తెలిసింది. యజమానికి కావలసిన నాయకుడు నోరు విప్పితే "వివరించారు", కానివాడు అదే మాట అంటే "ఆరోపించారు". ఒకరు "స్పష్టం చేశారు", ఇంకొకరు "అక్కసు వెళ్ళగక్కారు". కొన్నాళ్ళకు ఛానెల్ చేతులు మారింది. నాయకులు వాళ్ళే, క్రియలు మాత్రం అటువి ఇటు, ఇటువి అటు అయ్యాయి. చదివే అమ్మాయి కూడా ఆమే, ఆమె చిరునవ్వూ అదే.

ఆ ఛానెల్ మూతపడ్డాక నన్ను ఒక సినిమా హీరో ముఖాముఖి కార్యక్రమానికి కొనుక్కున్నారు. హీరోగారు మంత్రులను పిలిచి, చిన్నప్పుడు ఏ ఆవకాయ ఇష్టమో, కాలేజీలో ఎవరిని ప్రేమించారో అడిగేవారు. మంచినీళ్ళ గురించి ఒక ప్రశ్న కూడా రాసేవారు కానీ, అది నా దాకా వచ్చేలోపు ఎవరో తీసేసేవారు. జనం మాత్రం మంత్రిగారు ఎంత మంచివారో అని కళ్ళు తుడుచుకునేవారు. ఆ కార్యక్రమానికే ఒకసారి అతిథిగా వచ్చారు సమ్మయ్య సార్. కార్యక్రమం అయిపోయాక నన్ను ఆయనే కొనుక్కున్నారు.

సమ్మయ్య సార్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెబుతారు. ఆయన వీడియో చూడకుండా పరీక్ష హాల్లోకి అడుగుపెట్టే అభ్యర్థి లేడంటే నమ్మండి. ఉద్యోగం వచ్చినవాళ్ళు ఆయన ఫోటోకు దండం పెడతారు. అక్క కూతురు రవళి ఆయన దగ్గరే ఉండి చదువుకుంటూ, నా తెర మీద పాఠాలు టైపు చేసి నడిపేది. నిజం చెప్పాలంటే, నేను చూసినవారందరిలో ఆయనంటేనే నాకు గౌరవం. తెలియనిది తెలియదని చెప్పగలిగిన మనిషి.

పెద్దగుట్ట ప్రాజెక్టు పాఠంలో మొదట ఆయనే ఇలా రాసుకున్నారు: "ప్రాజెక్టు కోసం ముంపు ఊళ్ళు ఖాళీ చేయించారు." ఆ ఊళ్ళలో ఆయన ఊరు రేగులవాడ కూడా ఉంది. తరువాత ఆయన పాఠాలు అమ్మే యాప్‌లో కొందరు పెద్దలు భాగస్వాములయ్యారు. ఆ ప్రాజెక్టు కట్టించిన నాయకుడి మనుషులే వాళ్ళు. వాళ్ళ మేనేజరు స్టూడియోకు వచ్చి, "సార్, ఒక్క అక్షరమే కదా," అన్నాడు. "చేయించారు" పోయి "చేశారు" వచ్చింది. నెల తిరగకుండానే దాని ముందు "స్వచ్ఛందంగా" వచ్చి కూర్చుంది. లక్షలమంది దాన్ని బట్టీ పట్టారు.

ఒకరోజు సార్ అక్క, రవళి తల్లి కొమురవ్వ స్టూడియోకు వచ్చింది. తల్లిలేని తమ్ముణ్ణి పెంచి చదివించింది ఆమే. వచ్చీరాగానే అడిగింది.

"తమ్మీ, మనూరోళ్ళు ఇష్టంగనే ఊరు ఖాళీ చేసిన్రని చెప్తున్నవట గదా?"

"అది పాఠం అక్కా. పరీక్షల అట్లనే అడుగుతరు."

"నువ్వప్పుడు హాస్టల్ల ఉన్నవ్. ఇంట్ల నేనున్న. నాయిన లేవనంటే మంచంతోటే ఎత్తి లారీల ఏసిన్రు. సర్కారిచ్చిన కాలనీ దాక ఆ మంచం పట్టె ఇడ్వలేదు నాయిన. మల్ల వానలు పడేదాక గూడ బతకలే. అది చేసుడా, చేపిచ్చుడా? సార్వి గదా, నువ్వే చెప్పు."

"కొత్త సిలబస్‌కు మళ్ళ తీస్తున్నమే అక్కా. ఈసారి మార్చి చెప్త," అన్నారు సార్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ పాఠం తీసిన రోజు కొమురవ్వ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. రవళి "ఖాళీ చేయించారు" అని టైపు చేసింది. సార్ హుషారుగా మొదలుపెట్టారు. ఆ వాక్యం నాలోకి వచ్చింది. "ముంపు ఊళ్ళు ఖాళీ..." అని ఆగిపోయి మంచినీళ్ళు అడిగారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగారు. మూడోసారి ఆయన కళ్ళు ఆ మాట మీదే ఉన్నాయి, చెమ్మగిల్లి ఉన్నాయి. నోరు మాత్రం, "స్వచ్ఛందంగా ఖాళీ చేశారు," అంది.

నాలో ఉన్నది ఒకటి, ఆయన అన్నది ఒకటి. ఎందరెందరో నా మీది అబద్ధాలను తు.చ. తప్పకుండా చదివారు. నా మీద నిజం కనబడుతుంటే చదవలేకపోయిన మనిషిని చూడటం అదే మొదలు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే జాలి కూడా వేసింది.

"మామా, అట్ల లేదు గదా," అంది రవళి.

"నడువనియ్యి బిడ్డా."

కొమురవ్వ లేచి సంచీ భుజాన వేసుకుంది. "నీళ్ళు తాగినవా తమ్మీ? గొంతు సర్దుకున్నదా? బస్సుకు యాళ్ళయితుంది, పోత," అని వెళ్ళిపోయింది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

ఆ వీడియోకు వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. "ప్రాజెక్టు గురించి చెబుతుంటే సార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రాష్ట్రమంటే అంత ప్రేమ," అని జనం కింద రాశారు. నాయకుడి మనుషులు ఆ ముక్క కత్తిరించి ఊరంతా పంచారు.

తరువాత పరీక్ష జరిగింది. ఆ సాయంత్రం రవళి హాల్ టికెట్టు చేతిలో పట్టుకునే స్టూడియోకు వచ్చింది. అందరూ వెళ్ళిపోయారు, సార్ ఒక్కరే ఉన్నారు.

"మామా, పెద్దగుట్ట బిట్టొచ్చింది."

"ఏం పెట్టినవ్?"

"తాత మంచమే యాదికొచ్చింది. కానీ మార్కు పోతదని నువ్వు చెప్పిందే పెట్టిన." హాల్ టికెట్టు మడిచి, "అమ్మకు చెప్పకు మామా," అంది.

ఆమె వెళ్ళిపోయాక సార్ వచ్చి నా ముందు కూర్చున్నారు. తెర ఆర్పేసి ఉంది, నాలో ఒక్క అక్షరం లేదు. ఆయన గొంతు సవరించుకుని, పాఠం చెప్పేటప్పుడు కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని, "మా నాయినను మంచంతోటి ఎత్తుకపోయిన్రు," అన్నారు.

కెమెరా మీద గుడ్డ కప్పి ఉంది.