తొమ్మిది చుక్కల ఉప్పు

గుట్ట మీది ఉప్పు పలుకొకటి నాలుక మీద పడగానే హోస్నియాకు తెలిసిపోయింది. ఆ ఉప్పు తనది కాదు.

చూడ్డానికి అదే గుట్ట. అదే తాటాకు కప్పు, అదే గట్టు. పన్నెండు టన్నులు. బలంగాన్ ఊళ్లోని నలభై ఇళ్లవాళ్లు ఆమె పెద్దరికంలో రెండు నెలలపాటు ఎండలో కాగి పండించిన ఉప్పు. కానీ నాలుక చివర ఉప్పదనం తగిలిన మరుక్షణం గొంతు దగ్గర చేదు పట్టుకుంది.

"ఇరవై తొమ్మిది... ముప్పై... ముప్పై ఒకటి," అని లెక్కపెట్టి ఆగింది వెనింగ్. ఆమె చేతిలోని గాజు గ్లాసులో ఎర్రనీళ్లు అప్పుడు నీలంగా మారాయి.

వెనింగ్ సురబాయ ఫ్యాక్టరీ పంపిన ఇంజినీరు. ఆసుపత్రుల్లో ఎక్కించే సెలైన్ కోసం ఉప్పు శుద్ధి చేసే ఫ్యాక్టరీ అది. ఉప్పు కరిగించిన నీళ్లకు ఎర్రరంగు కలిపి, సన్నటి గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా వదులుతుంది. ఎన్ని చుక్కలకు నీలమైతే ఉప్పులో అంత చేదు సరుకు, అంటే అంత మెగ్నీషియం ఉన్నట్టు.

"తొమ్మిది చుక్కలు దాటకూడదక్కా," అంది వెనింగ్, కళ్లు పైకెత్తకుండానే. "ఇది ఒకటో రకం కాదు. రెండో రకం కూడా కాదు."

వెనకనుంచి నవ్వు వినిపించింది. హాజీ తోయిబ్ తన లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఊరి ఉప్పు కొంటున్నది అతనొక్కడే. ప్రతి ఏడూ అదే ముద్ర కొడతాడు, రెండో రకం అని. పైగా బస్తా మీద ఊరి పేరుండదు. అతని పేరే ఉంటుంది.

"నేను చెబితే విన్నావా, హోస్నియా? మీ ఉప్పు ఎండు చేపలకే పనికొస్తుంది. మనుషుల నరాల్లోకి ఎక్కిస్తానంటావేంటి! పాపం, రోగి లేచి కూర్చుని పులుసులో చేపలా ఈదుతాడు."

అతని కూలీలు గొల్లుమన్నారు.

"హాజీ, మీ లారీ ఎందుకొచ్చింది ఇవాళ? మిమ్మల్నెవరూ పిలవలేదే," అంది హోస్నియా.

"జాలిపడి వచ్చానమ్మా. ఫ్యాక్టరీ వద్దంటే వానలో కరిగిపోతుంది కదా సరుకు. మూడో రకం కింద నేను తీసుకుంటాలే."

వద్దంటుందని ముందే ఎలా తెలుసు ఇతనికి?

ఆ ప్రశ్నను మనసులోనే దాచుకుని ఆమె వెనింగ్ వైపు తిరిగింది. "ఎంతసేపు ఉంటారు, వెనింగ్ గారూ?"

"మూడింటికి, అసర్ నమాజు వేళకు బయల్దేరాలి. మా లారీలు రెండూ అప్పటిదాకా ఆగుతాయి. తర్వాత ఈ సీజన్‌కి నమూనాలు తీసుకోం. ఏ ఊరినుంచి సరుకు వస్తుందో ఇవాళే రాసివ్వాలి నేను."

తూర్పు గాలి తీరం మీదుగా విసురుగా వీస్తోంది. నీళ్లు తోడే గాలిమరలు కిరకిరలాడుతున్నాయి. అసర్‌కి ఇంకా ఐదు గంటలుంది.

"ఆ ఉప్పు నాది కాదు," అంది హోస్నియా.

"అక్కా..." వెనింగ్ ఇబ్బందిగా కదిలింది. "ప్రతి ఊళ్లోనూ నాకు ఇదే మాట చెబుతారు. నేను చూసేది గుట్టని. కథని కాదు."

"అయితే గుట్టనే చూడండి."

హోస్నియా మోకాళ్ల మీద కూర్చుంది. ఆమెకు చదువు మూడో తరగతి వరకే. కానీ లేత నీళ్లు ఏ మడిలో ముదురుతాయో, ముదురు నీళ్లు ఎన్నో రోజున పలుకు కడతాయో ఆమె చర్మానికే తెలుసు. ముదురు నీళ్లు మరీ ముదిరితే చేదు సరుకు కూడా ఉప్పుతో పాటే దిగుతుంది. అందుకే ఎనిమిదో రోజుకి మిగిలిన నీళ్లు తీసి పారబోసి, అప్పుడే గీకుడు పలక వేసి గీకుతుంది. ఆత్రపడేవాళ్లు ఆ నీళ్లు పారబోయరు. ఆ నీళ్లలోనే ఉప్పు గీకేస్తారు, చేదు దానికే అంటుకుంటుంది.

గుట్ట పాదం దగ్గర నేల తడిగా ఉంది. రాత్రి వాన లేదు. చేదు ఉప్పు గాలిలోని తేమను లాక్కుని చెమట పడుతుంది. మంచి ఉప్పు పట్టదు.

"మర్సూకి మామా! ఇలా రా!"

ఎండిన చింతకాయలాంటి ముసలాయన పరుగున వచ్చాడు. ఊరి మడులన్నీ చదును చేసేది ఆయనే. నేల బిగిసేలా కొయ్య దుంగ దొర్లించి దొర్లించి ఆయన భుజాలు కాయలు కాశాయి.

"మన మడుల్లో నల్ల పాలిథిన్ పరిచినవి ఎన్ని ఉన్నాయి?"

"పాలిథినా? మట్టి మీదే పండిస్తాం గదా మనం. నీకు ఎండదెబ్బ తగిలిందా ఏంటే?"

హోస్నియా అరచేయి చాపింది. పలుకుల మధ్య గోరంత నల్లటి ముక్కలు రెండు మెరిశాయి. పలక అంచు తగిలి చిరిగిన పాలిథిన్ ముక్కలు.

వెనింగ్ వంగి ఒకదాన్ని పట్టకారుతో తీసి, వెలుగుకి ఎత్తి చూసింది. ఈసారి కళ్లు పైకెత్తి మరీ చూసింది.

ఆ తీరంలో మడి కింద పాలిథిన్ పరిచి నాలుగు రోజులకోసారి ఉప్పు గీకేది ఒకే ఒక్కడు. మర్సూకి మామ మెల్లగా తోయిబ్ లారీ వైపు తల తిప్పాడు.

"నిన్న," అన్నాడు. "నిన్న మనమంతా..."

నిన్న న్యాదర్ జాతర. ఉప్పు పండించడం నేర్పిన పెద్దాయన సమాధి దగ్గరికి ఊరు ఊరంతా పడవలెక్కి నది దాటింది. తాతలనాటి పింగాణీ పళ్లేల్లో అన్నం పెట్టుకెళ్లి, అక్కడే నిద్రచేసి, తెల్లారాక తిరిగొచ్చింది. ఆ రోజు మడి మీద ఎవరూ కాలు పెట్టరు. కాపలా కూడా పెట్టరు. కాపలా పెడితే పెద్దాయన్ని అనుమానించినట్టు. ముప్పై ఏళ్లుగా హోస్నియా కూడా అలాగే నమ్మింది. ఊరివాళ్లు ముట్టుకోరు, నిజమే. బయటివాళ్లు ముట్టుకోగలరని ఎవరికీ తట్టలేదు.

"పన్నెండు టన్నుల్లో రెండు ప్లాస్టిక్ ముక్కలు దొరికితే నన్నంటారా?" తోయిబ్ గొంతు పెరిగింది. "గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి!"

"అవును హాజీ, గుట్ట పన్నెండు టన్నులు," అంది హోస్నియా. "అందులో పైన మీది ఎంత కప్పారో మీకే తెలియాలి. పన్నెండు టన్నులు ఒక్క రాత్రిలో మార్చలేరు. కాబట్టి నాది లోపలే ఉంది. తవ్వండర్రా!"

పారలు లేచాయి. మోచేతి లోతు తవ్వేసరికి రంగు మారింది. పొడిగా, తెల్లగా, వేరుశనగ గింజంత పలుకులు గలగలమని జారాయి. గుట్ట నడిబొడ్డునుంచి వెనింగ్ స్వయంగా గరిటెతో తీసింది. చుక్కలు పడటం మొదలైంది. ఊరంతా గ్లాసు చుట్టూ మూగింది.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. ఇంకా ఎర్రగానే ఉంది.

పది. పదకొండు.

నీలం.

హోస్నియా ఆ పలుకులను వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆమెకు వెంటనే అర్థమైంది. పైనున్న చేదు ఉప్పు రాత్రంతా చెమట పట్టి, ఆ చెమట కిందికి దిగి, మంచి ఉప్పును పూసేసింది.

"చూశారా? నడిబొడ్డులో కూడా అదే!" తోయిబ్ చప్పట్లు చరిచాడు. "ఎత్తండ్రా, మన లారీలోకి ఎత్తండి!"

"రెండు చుక్కలే తేడా," అంది వెనింగ్, మనసొప్పక. "కానీ తేడా తేడానే అక్కా."

"ఆగండి. చెమటేగా పట్టింది? కడుగుతాను."

తోయిబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉప్పుని కడుగుతుందట! ఒరేయ్, విన్నారా? కడిగాక నీళ్లని బస్తాలో పోసి పంపుతావా తల్లీ?"

అతని కూలీలతో పాటు ఊరివాళ్లలో కూడా ఒకరిద్దరు నవ్వాపుకోలేకపోయారు. వెనింగ్ మాత్రం నవ్వలేదు.

"ఏ నీళ్లతో కడుగుతారు?" అని అడిగింది.

"కడుపు నిండిన నీళ్లతో. ఇక పలుకు కడతాయనగా ఆపి ఉంచిన నీళ్లు ఆ చివరి మడిలో ఉన్నాయి. వాటి కడుపులో ఇంకొక్క ఉప్పు పలుక్కి కూడా చోటు లేదు. ఉప్పుని తినవు. చేదుకైతే చోటుంది. దాన్ని మాత్రం తీసుకుపోతాయి."

వెనింగ్ ముఖం విచ్చుకుంది. "మా ఫ్యాక్టరీలో చేసేది అదే, హాజీ. పెద్ద యంత్రం పెట్టి చేస్తాం. మీకెవరు నేర్పారక్కా?"

"మా అమ్మ. జాడీలో పెట్టే ఉప్పు అలాగే కడిగేది. పన్నెండు టన్నులు ఎప్పుడూ కడగలేదనుకోండి."

ఆ తర్వాత బలంగాన్‌లో ఎవరూ కూర్చోలేదు. ముందు పైపొరంతా మోచేతి లోతున గీకి పక్కకు వేశారు. చివరి మడినుంచి గుట్ట దాకా ఆడా మగా వరసకట్టారు. వెదురు గంపలో ఉప్పు, దాని మీద ఒక బిందెడు నిండు నీళ్లు, గంప ఒక ఊపు, నీళ్లు కిందికి, ఉప్పు చాప మీదికి. తూర్పు గాలి ఆరబెట్టే పని చూసుకుంది. మధ్యాహ్నం మొక్కజొన్న అన్నం మూటలు విప్పకుండానే ఉండిపోయాయి. మర్సూకి మామ గాజుకడ్డీ తేల్చి నీళ్ల చిక్కదనం చూస్తూ, చూసినప్పుడల్లా అరిచాడు. "పాతిక గీతకి తగ్గకూడదర్రా! తగ్గిన నీళ్లు పోశారో, ఉప్పుతో పాటు మీ పరువు కూడా కరుగుతుంది!"

"నీ నోరు కాస్త కరిగినా బాగుండు మామా!" అని వరసలోంచి ఎవరో ఆడమనిషి అంటే అందరూ నవ్వారు. చేతులు మాత్రం ఆగలేదు.

తోయిబ్ వెళ్లిపోదామని లారీ ఎక్కాడు. గట్టు దారిలో గంపల వరస అడ్డంగా ఉంది. ఎవరూ జరగలేదు.

అసర్ పిలుపు మసీదునుంచి వినిపించే వేళకు వెనింగ్ చాప మీది ఉప్పును ఐదు చోట్లనుంచి తీసింది. హోస్నియా పగిలిన చేతులు కొంగుకు తుడుచుకుని నిలబడింది. నీళ్లలో ఎర్రరంగు. మొదటి చుక్క.

నాలుగు. ఐదు. ఆరు.

ఏడో చుక్క పడగానే, అడుగునుంచి పైదాకా, గ్లాసు నీలమైపోయింది.

వెనింగ్ మళ్లీ చేసింది. మళ్లీ ఏడే. మిగిలిన పరీక్షలు కూడా వరసగా ముగించి, కాగితం మీద రాస్తూ పైకే చదివింది. "సోడియం క్లోరైడ్, నూటికి తొంభై ఏడున్నర. తేమ, హద్దులోపే. ఒకటో రకం. సరఫరా చేసినవారు..." ఆగి చూసింది. "బస్తా మీద ఎవరి పేరు వేయమంటారు?"

హోస్నియా ఊరివాళ్ల వైపు చూసింది. మర్సూకి మామ తలూపాడు.

"బలంగాన్," అంది. "పెద్ద అక్షరాలతో."

ఫ్యాక్టరీ లారీలు నిండాయి. అప్పటికీ పక్కన గీకి పోసిన చేదు ఉప్పు మిగిలే ఉంది. హోస్నియా తోయిబ్ లారీ దగ్గరికి నడిచి, తలుపు మీద మర్యాదగా తట్టింది.

"దిగండి హాజీ, టీ తాగి వెళ్దురు గాని. మీ ఉప్పు మీ లారీలోకే ఎక్కిస్తున్నాం. ఒక్క పలుకు కూడా ఉంచుకోం. పోలీసుల దగ్గరికి వెళ్దామని కుర్రాళ్లు అంటున్నారు, నేనే వద్దన్నాను."

"ఎందుకు?" కిటికీ అద్దం దించి అడిగాడు తోయిబ్.

"ఉప్పుకి రకం కట్టడం మీకు ఇరవై ఏళ్ల అలవాటు కదా. మీ బస్తాల మీద ఏ రకమని రాస్తారో చూద్దామని."

పారలతో ఉప్పు వేస్తున్న కొద్దీ లారీ కిందికి కుంగింది, చెమట పట్టిన ఉప్పునుంచి గట్టు మీద తడి చారలు దిగాయి.

వెనింగ్ జీపు ఎక్కుతూ కిటికీలోంచి తల బయటపెట్టింది. "వచ్చే నెల ఇరవై టన్నులు అడుగుతారు అక్కా. చేయగలరా?"

హోస్నియా మడుల వైపు చూసింది. చివరి మడిలో నిండు నీళ్లు అడుగంటాయి. లేత నీళ్లు తోడుతూ గాలిమర అప్పుడే మళ్లీ తిరుగుతోంది.

"ఎనిమిది రోజులకు ఒక్కరోజు కూడా ముందుగా గీకమని మీరు అడగకపోతే, చేస్తాం," అంది.