పొట్ట ఉబ్బిన గోడ

తొంభై అయిదు వానాకాలంలో నిజామాబాద్‌లో మా వాడ గోడ పొట్ట ఉబ్బింది. గుట్ట మట్టిని ఆపే రాతి గోడ అది. పడితే మా మీదే పడుతుంది. దాని కింద మొదటి ఇల్లు బీడీలు చేసే భీమవ్వది, పక్కది నాది.

మున్సిపల్ ఆఫీసు జీపు వచ్చింది. సూపర్‌వైజర్ ఆత్మారాం దిగీదిగగానే, "రేపు ఇండ్లు కూలగొడ్తం, సామాన్లు తీస్కపోండ్రి" అన్నాడు. కూల్చడమంటే ఆయనకు పెళ్లికి పోయినంత సంబరం. వెంట వచ్చిన ఇంజినీరు రామస్వామి మాత్రం గోడంతా తడిమి చూశాడు.

"దీనికి నీళ్లు పోయే తూములుండాలె. ఏవి?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తూముల్లోంచి తేళ్లొస్తాయని ఏటా బతుకమ్మ ముందు మేమే మట్టి కూరి, ఎర్ర జాజు పూసి, ముగ్గు పెట్టేవాళ్లం. అందంగానే ఉండేది. లోపల నీళ్లు నిండి గోడను తోస్తాయని మాకెవరు చెప్పారు?

"మేమే మూసినం సారూ" అంది భీమవ్వ. దాచే రకం కాదు. "మేమే తెరుస్తం. ఇల్లు మాత్రం ఇడ్వ."

"గోడ కూలితే పానం పోతది" అన్నాడు ఆత్మారాం.

"ఇల్లు పోయినంక ఆ పానాన్ని ఏడ పెట్టుకోవాలె?"

ఆ మాటతో నాకూ మొండి ధైర్యం వచ్చింది. రామస్వామి చెప్పినట్టే పిల్లలను దూరంగా పంపి, పక్కకు నిలబడి, చివరి నుంచి ఒక్కో తూమునూ గడ్డపారలతో పొడిచాం. బురద నీళ్లు చీరల మీదికి చిమ్మాయి. తేళ్లూ వచ్చాయి, చెప్పులతో వాటి పని పట్టాం. పొద్దుగూకేసరికి ధార సన్నబడింది.

"ఇగ ఇటు దిక్కు నుంచి రాతి దన్ను కడితే గోడ నిలుస్తది" అన్నాడు రామస్వామి. "కానీ అవ్వా, నీ వాకిలంతా పోతది. కూలగొట్టే ఆర్డరు గూడ ఇంక ఉన్నది."

"వాకిలి పోనీ" అంది భీమవ్వ.

తెల్లారి వాడ ఆడవాళ్లందరం బీడీ చాటలు పక్కన పెట్టి రాళ్లు మోస్తున్నాం. ఆత్మారాం లారీ నిండా కూలీలను తెచ్చాడు. భీమవ్వ నెత్తిన రాయితో లారీకి అడ్డం నిలబడింది.

"కూలగొట్టనీకి వచ్చిండ్రా? మంచిగైంది. మాకు చేతులు తక్కువైనయ్. దిగుండ్రి బిడ్డా, రాళ్లు పట్టుండ్రి."

కూలీలు ఆత్మారాం మొహం చూశారు. ఆయన నోరు తెరిచేలోపు ఒకడు గడ్డపార లారీలోనే పడేసి దిగి, భీమవ్వ నెత్తి మీది రాయిని అందుకున్నాడు. మిగిలినవాళ్లూ దిగారు. ఆత్మారాం ఒక్కడే లారీలో కూర్చున్నాడు.