పది చుక్కలు

"మజ్జిగల ఉప్పెక్కువైంది. నీ మతి యాడున్నదే?"

గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని మరీ అన్నాడు వెంకటనర్సయ్య. వాకిట్లో పనుల కోసం వచ్చి కూర్చున్న నలుగురికీ వినపడేలా అన్నాడు. ఆ నలుగురూ సుగుణ వైపు జాలిగా ఒక చూపు చూసి, ఆయన వైపు అంతకన్నా జాలిగా ఇంకో చూపు చూశారు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి నడిచింది. ఉప్పు ఎక్కువైన మాట నిజమే. వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేసింది. ఉప్పు రెండుసార్లు పడితే కొంప మునగదు. మజ్జిగలో మందు చుక్కలు మాత్రం పదే పడాలి. నాలుగు ఎక్కువ పడితే ఆయన మెడ బిగుసుకుపోతుంది, మాట ముద్దగా వస్తుంది. రెండు రోజులు పడకపోతే నిద్ర పట్టదు, ఇక మాట ఆగదు. అందుకే చుక్కలు వేసేటప్పుడు ఎవరు పిలిచినా పలకదు. "చెవుడా, పొగరా?" అంటారు ఇంట్లోవాళ్లు. అననీ.

ఏడేళ్లుగా రెండు పూటలా ఈ పనే. రంగు లేదు, రుచి లేదు, నీళ్లలాంటి మందు. మండలాన్ని ఇన్నేళ్లు నడిపిందెవరంటే శిలాఫలకాల మీద చెక్కిన పేరు చూపిస్తారు. ఆ పేరుగల మనిషి తలను నిలకడగా ఉంచింది మాత్రం వంటింటి గూట్లో, పసుపు డబ్బా వెనక దాచిన చిన్న సీసా. ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. సుగుణ, ఆమె అత్త బాలనర్సమ్మ, కోదాడ డాక్టరు. తాగే మనిషికి తెలియదు.

ఎనభై ఏడులో మండలాలు కొత్తగా వచ్చినప్పుడు వెంకటనర్సయ్య మొదటి ప్రెసిడెంటయ్యాడు. మరుసటి ఎండాకాలం ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. మూడు వారాలు కన్ను మూత పడలేదు. మిర్యాలగూడ సభలో మైకు పట్టుకుని నాలుగున్నర గంటలు మాట్లాడాడు. మైకు అద్దెకిచ్చినవాడు వైర్లు చుట్టుకుంటున్నా ఆపలేదు. మండలానికి విమానాల స్టేషన్ తెస్తానన్నాడు, జనం ఈలలు వేశారు. బడి హెడ్మాస్టరును డిస్మిస్ చేస్తున్నట్టు సిగరెట్ పెట్టె మీద రాసి పంపాడు. ప్రజలకు రోడ్డు కావాలని సొంత ఇంటి ప్రహరీ కూలగొట్టించాడు. "మా ప్రెసిడెంటుకు ఎంత హుషారో!" అని ఊరంతా మురిసిపోయింది. ఇంట్లో మాత్రం కంచాలు ఎగిరేవి. "అన్నంల మందు పెడ్తున్నవానే?" అని ప్రతి ముద్దా ముందు ఆమెను తినమని, ఆ తర్వాతే తను తినేవాడు. అప్పటికి ఆమె ఏ మందూ పెట్టలేదు. ఇదే పని ఒక కూలిమనిషి చేస్తే కట్టేసి దవాఖానకు తీసుకుపోయేవాళ్లు. ఆడది చేస్తే దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చేవాళ్లు. ప్రెసిడెంటు చేశాడు గనుక దండలు వేశారు. తమ నెత్తిన కూర్చునేవాడి తల సరిగా ఉందో లేదో చూడాలని ఒక్కరికీ తోచలేదు.

అత్తాకోడళ్లిద్దరూ సూర్యాపేటలో తెలిసినవాళ్లు చూస్తారని బస్సు మారి కోదాడ దాకా వెళ్లారు. మనసు జబ్బుల డాక్టరు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"పేషెంటును తీసుకురాలేదేమిటమ్మా? మనిషిని చూడకుండా మందు ఎలా రాసేది?"

"ఆయన రాడు సార్. నాకేం రోగమంటడు. మీరు పేరు కూడ రాయొద్దు. పెద్ద లీడరు, బయట తెలిస్తే ఖతం," అంది బాలనర్సమ్మ. లీడరు ఎవరో చెప్పగానే డాక్టరు కలం కింద పెట్టేశాడు. బతిమాలితే మళ్లీ తీశాడు.

"ఏదో ఒక పేరు ఉండాలి కదండీ చీటీ మీద."

బాలనర్సమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "దీని పేరు రాయుండ్రి. ఆడిదాని పేరుకేమైతది?"

"వయసు?"

"ముప్పై," అని సుగుణే చెప్పింది. ఆ ఒక్క మాటకే ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది. అత్తను తిట్టుకోవచ్చు, డాక్టరును తిట్టుకోవచ్చు. వయసు చెప్పింది మాత్రం తనే. లక్షణాలు అడిగితే అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. మిర్యాలగూడ మీటింగు, విమానాల స్టేషన్, సిగరెట్ పెట్టె అన్నీ. డాక్టరు ఇంగ్లీషులో గబగబా రాసుకున్నాడు. నీ సంగతేమిటమ్మా, నువ్వు నిద్రపోతున్నావా అని మాటవరసకైనా అడగలేదు.

అప్పటినుంచి రెండు నెలలకోసారి కోదాడ బస్సు. బస్సులో ఎవరో చూశారు, ఊళ్లో ఎవరో అన్నారు, అంతే. సుగుణకు మతి సరిగా లేదని పేరు పడింది. పేరంటాలకు పిలవడం మానేశారు. పిల్లల్ని ఎత్తుకోబోతే తల్లులు నవ్వుతూనే లాక్కునేవాళ్లు. ఒకరోజు వెంకటనర్సయ్యకు పెట్టెలో మందు చీటీలు దొరికాయి. చుక్కల పుణ్యమా అని అప్పటికి ఆయన తల నిలకడగా ఉంది. ఎంతో పెద్దమనసుతో, "భయపడకు. నీ రోగం నేను ఓర్సుకుంట," అన్నాడు. ఆ ఓర్చుకోవడం గురించి ఆ తర్వాత ప్రతి మీటింగులో చెప్పాడు. ఇంట్లో గింత బాధ పెట్టుకొని కూడా ప్రజల కోసం తిరుగుతున్న అంటే జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. అబద్ధమాడుతున్నాడా అంటే అదీ కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు! ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఇంటికొచ్చి అత్తను అడిగితే, "జర ఓర్సుకో బిడ్డా. మొగోని పేరు ఖరాబైతే ఇల్లే ఖరాబైతది," అంటుంది. ఆడదాని పేరు ఖరాబైతే ఇల్లు భేషుగ్గా నడుస్తుందన్నమాట.

తొంభై అయిదులో మండలం కుర్చీ ఆడవాళ్లకు రిజర్వు అయింది. వెంకటనర్సయ్య రెండు రోజులు పరేషాన్ అయ్యి, మూడో రోజు సుగుణను నిలబెట్టాడు. మతిలేనిదాన్ని నిలబెడితే ఎట్లా అని ఎవరో అంటే, "సంతకం పెట్టొస్తె సాలు, మతెందుకు?" అని నవ్వాడట. గెలిచింది. కుర్చీలో ఆయన, పక్కన స్టూలు మీద ఆమె. మూడు నెలలు చెప్పిన చోటల్లా సంతకం పెట్టింది.

నాలుగో నెల బోర్ల కాగితం వచ్చింది. పదకొండు బోర్లు, పదకొండూ ఆయన మనుషుల వాడల్లోనే. సుగుణ పదో తరగతి దాకా చదివింది. కాగితం మొత్తం చదివింది. ఆ రోజు తండా మెంబరు మోతీబాయి ఎదురుగా కూర్చుని ఉంది.

"ప్రెసిడెంటమ్మా, మా తండా ఆడోళ్లు నీళ్లకు రెండు మైళ్లు నడుస్తున్నరు. నీకు ఓటేసింది గిందుకేనా?"

ఆమెను ప్రెసిడెంటమ్మా అని ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. సుగుణ కలం మూత పెట్టేసింది. "తండకు మూడు బోర్లు రాయుండ్రి. అప్పుడు పెడ్త."

వెంకటనర్సయ్య ముందు నవ్వాడు. "ఇయ్యాల మందు ఏసుకోనట్టున్నది," అన్నాడు. నలుగురూ నవ్వారు. వారం గడిచినా ఆమె సంతకం పెట్టలేదు. మతిస్థిమితం లేనివాళ్లు పదవిలో ఉండరాదని చట్టంలో ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. తన చేతికింద మనిషి అయిన వైస్ ప్రెసిడెంటుతో అర్జీ పెట్టించాడు. జిల్లా నుంచి విచారణకు అధికారిని వేశారు. డాక్టరు కాగితాలు తెమ్మన్నారు. ఏడేళ్లు ఆయన తల ఎలా ఉందో చూడని సర్కారుకు, ఒక్క సంతకం ఆపగానే ఆమె తల మీద ఎంత శ్రద్ధ వచ్చిందో!

ఆయనే స్వయంగా ఆమెను జీపులో కోదాడ తీసుకువెళ్లాడు. డాక్టరు ఆయన్ను చూసి లేచి నిలబడ్డాడు. తన అసలు రోగిని అతను చూడటం అదే మొదటిసారి.

"సర్టిఫికెటు కావాలె డాక్టర్ సాబ్. ఈమెకు ఏడేండ్ల సంది రోగమున్నదని."

డాక్టరు సుగుణ కళ్లలోకి చూడలేదు. "అంత తొందరపడి చెప్పకూడదండీ. మనిషిని పూర్తిగా పరీక్షించకుండా ఏమీ చెప్పకూడదు, అది మా వృత్తిధర్మం."

"ఏడేండ్లు చీటీలు రాసినరు గద సార్," అంది సుగుణ. "రోగి మొకం ఎన్నడన్న సూసినరా?"

డాక్టరు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. వెంకటనర్సయ్యకు ఇదంతా పిచ్చిమాటల్లా వినిపించింది. "సూసిన్రా, ఎట్ల మాట్లాడుతున్నదో! సర్టిఫికెటు వద్దు, ఈమె ఫైలే ఇయ్యుండ్రి. మొదటి కాగితం నుంచి."

డాక్టరు ఫైలు తీసి చేతిలోనే పట్టుకున్నాడు. వద్దని ఆమె ఒక్క మాట అంటే చాలు, డాక్టరు ఏదో సాకు చెప్పి దాచేసేవాడు. అతను అందుకే ఎదురుచూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆయన పరువు ఏడేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. ఇంకొన్నాళ్లు మోయొచ్చు. కుర్చీ పోతుంది, తండాకు నీళ్లు రావు, చచ్చేదాకా పిచ్చిదన్న పేరు ఉంటుంది. అంతేగా?

"ఇయ్యుండ్రి సార్," అంది. "నా పేరు మీద ఉన్నదే గద."

ఇంటికి వచ్చాక అత్తకు చెప్పింది. "నువ్వే చెప్పు అత్తమ్మా. సీసా ఎవరిదో నీ కొడుకుకు నువ్వే చెప్పు. నేను నోరు తెరవ." బాలనర్సమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. సోమవారం దాకా ఏరుతూనే ఉంది.

సోమవారం మండలాఫీసులో మెంబర్లందరూ కూర్చున్నారు. వెంకటనర్సయ్య ఫైలును దండలా రెండు చేతులా పట్టుకొచ్చి అధికారి ముందు పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అధికారి పేజీలు తిప్పి, "ఇందులో చాలా వివరాలే ఉన్నాయి," అన్నాడు.

సుగుణ లేచి నిలబడింది. "సార్, జర అందరికి తెలుగుల సదివి వినిపియ్యుండ్రి."

"ఇలాంటివి అందరి ముందూ చదవకూడదమ్మా."

"నా మీద అర్జీ అందరి ముందటనే పెట్టిన్రు గద సార్. సదువుండ్రి."

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "రోగి మూడు వారాలుగా నిద్రపోలేదు. మిర్యాలగూడ బహిరంగ సభలో ఆపకుండా నాలుగున్నర గంటలు ప్రసంగించినట్టు..." అతను ఆగి సుగుణను పైనుంచి కిందికి చూశాడు. "మీరు ప్రసంగించారా అమ్మా?"

వెంకటనర్సయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "ఈమె మాట్లాడుడేంది సార్! ఈమెకు మైకు పట్టుకోనే రాదు. ఆ స్పీచ్ నాది! ఇయ్యాల్టికీ జిల్లాల చెప్పుకుంటరు!"

అధికారి నెమ్మదిగా చదివాడు. "మండలానికి విమానాశ్రయం తెస్తానని వాగ్దానం. సిగరెట్ పెట్టె మీద ప్రధానోపాధ్యాయుడి తొలగింపు ఉత్తర్వు. ఇంటి ప్రహరీ..."

"గదీ నేనే..." అన్నాడు వెంకటనర్సయ్య. మెంబర్ల ముఖాల వైపు చూశాడు. వాళ్లు ఆయన్ను ఒకలా చూస్తున్నారు. ఆ చూపు ఎలాంటిదో సుగుణకు తెలుసు, ఏడేళ్లు మోసింది. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఆయన మీద జాలేసింది, జాలి వేసినందుకు తన మీదే ఒళ్లు మండింది.

"రోగమొచ్చుడు తప్పు గాదు సార్. మందు తాగుడు సిగ్గు గాదు," అంది అధికారితో. "నా పేరు మీద రాసుడే తప్పు. అప్పుడు నేను కూడ ఊకున్న. ఇగ ఊకోను."

సంచిలోంచి సీసా తీసి, టేబుల్ మీద భర్త ముందు పెట్టింది. పక్కనే, ఇంటినుంచి తెచ్చిన చెంబులో మజ్జిగ, ఒక గ్లాసు, కాగితంలో కట్టిన ఉప్పు కూడా పెట్టింది. బోర్ల ఫైలు తనవైపు లాక్కుని, ఇన్నాళ్లూ ఆయన కూర్చున్న ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుంది.

"పొద్దుగాల పది చుక్కలు, మాపటికి పది. ఇన్నేండ్లు నేను లెక్కపెట్టిన, ఇగ మీరే ఏసుకోండ్రి. ఉప్పు కూడ మీరే సూసుకోండ్రి."