నర్మద పట్టిన పెంకుపురుగులు

తను పట్టిన పెంకుపురుగులు రెండు జాతులని సోమవారం పదింటికల్లా చూపించకపోతే నర్మద ప్రాజెక్టు గంగలో కలిసినట్టే. ఆ మాట శనివారం నారాయణగూడ కాలేజీ ల్యాబులో ప్రాజెక్టు గైడు జగదీశ్వర్ సారే మొహం మీద చెప్పేశాడు.

"రంగు జూసి రెండంటవా? మట్టిలకెల్లి అప్పుడే లేచినయి ఎర్రగుంటయి, నాల్గొద్దులైతే అవే నల్లబడ్తయి. అన్నీ ఒక్కటే జాతి. సోమవారం దాంక చూస్త. కాకుంటే చేపల టాపిక్ తీస్కో అమ్మా."

చేపలెవరికి కావాలి! పాలమూరులో వాళ్ల నాన్న ఈదయ్య పల్లిచేను వేళ్లు కొరికి ఎండబెట్టింది ఈ పెంకుపురుగుల పిల్లలే. 2012 జూన్‌లో తొలకరి పడ్డ సాయంత్రం అశోక్‌నగర్ హాస్టల్ ముందు వేపచెట్టు మీద అవి గుయ్యిమని వాలుతుంటే, చున్నీ పరిచి కొమ్మలు దులిపింది నర్మద. కొన్ని వెలుతురుండగానే వచ్చాయి, కొన్ని మసక పడ్డాకే వచ్చాయి. ఒకే జాతికి రెండు టైములెందుకు? రంగు దెబ్బకొట్టినా ఆ పట్టు మాత్రం వదల్లేదు.

ఆదివారం ల్యాబుకు తాళం. మరి భూతద్దమెక్కడ దొరుకుతుంది? చిక్కడపల్లిలో గడియారాలు బాగుచేసే కనకయ్య దగ్గరికి పరిగెత్తింది. పురుగుల సీసా కౌంటర్ మీద పెట్టగానే ఆయన ఎగిరిపడ్డాడు.

"ఓయమ్మో, ఏంది బిడ్డా గివి! ఉన్న గిరాకీ పారిపోతది!"

"జర మీ అద్దం ఇయ్యుండ్రి కాకా. ఇవి రెండు రకాలు, పైకి ఒక్క తీరున్నయి. వేరు చెయ్యాలె."

కనకయ్య ముక్కు మూసుకునే ఒకదాన్ని తిప్పి చూశాడు. "డయల్ జూస్తే లోపలి మిషన్ తెలుస్తదా? నేనైతే ఎనక మూత తీస్త."

నర్మద నెత్తి కొట్టుకుంది. ఎంత మొద్దు తను! ఎంత దగ్గరి జాతులైనా మగపురుగు కడుపు చివర దాచుకునే అంగం ఆకారం వేరుగా ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు కూడా కొట్టింది. తీరా పురుగు చేతికొచ్చాక, చీరల కొట్లో కూర్చున్నట్టు రంగులు చూస్తూ కూర్చుంది!

అద్దం కంటికి బిగించి, ఆయన సన్న పట్టకారుతో మొదలుపెట్టింది. మొదటిది ఆడది. రెండోదీ ఆడదే. మూడోది మగది. బియ్యపుగింజలో సగం కూడా లేని గొట్టం, కొన వంకీ తిరిగి ఉంది. నాలుగోదీ వంకీయే, ఐదోదీ వంకీయే. సారు మాటే నిజమా? ఆరోది లాగింది. కొన రెండుగా చీలి ఉంది!

"కాకా! వేరే ఉంది! వేరే ఉంది!"

ఆ అరుపుకి రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. కనకయ్య అద్దం లాక్కుని చూశాడు. "అరె, నిజంగనే! మిషన్లే వేరు!" అంటూ తనే ఎక్కువ గంతులేశాడు. సాయంత్రానికి మగవాటిలో వంకీవి పదకొండు, చీలినవి తొమ్మిది తేలాయి. రెండింట్లోనూ ఎర్రవీ నల్లవీ కలిసే ఉన్నాయి.

సోమవారం సారు మైక్రోస్కోపు మీద వంగాడు.

"రంగు సంగతిల మీరే కరెక్టు సార్, తప్పు నాదే. కానీ జాతులు మాత్రం రెండు."

సారు వంకీదాన్నీ చీలినదాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత బీరువా తెరిచి, అద్దం మూత ఉన్న పెట్టె దించాడు. ఆయన డాక్టరేట్ నాటి పురుగులవి, వరసలు వరసలుగా. అన్నింటి కిందా ఆయన చేతిరాతతో ఒకటే జాతి పేరు.

"కూసో అమ్మా," అన్నాడు కుర్చీ జరిపి. "మొదటి వరస నుంచి తియ్యి. ఎన్నిటికి తప్పు పేరు పెట్టిన్నో నాకు గూడ తెల్వాలె."