చల్లదనం ఎక్కడ ఆగింది?

ఆటోనగర్‌లో ఎల్లాజీ షెడ్డుకి వెళితే, బండి ఎవరిదైనా సరే, అతను మగవాళ్లతోనే మాట్లాడతాడు. కారు నాది. నా జీతంతో కొన్న సెకండ్‌ హ్యాండ్‌ కారు. పొద్దున్న ఆరు గంటల డ్యూటీకి మల్కాపురం నుంచి గాజువాక ల్యాబుకి రోజూ నేను నడిపే కారు. ఏసీ చల్లబడటం లేదని తీసుకెళితే, దాని జబ్బు మాత్రం మా ఆయన నరేష్‌కి చెప్పాడు.

"కంప్రెసర్ పోనాది బావా. కొత్తదేయిస్తే బండి రేటులో సగం దానికే అయిపోద్ది. అమ్మీసుకో, సుకం."

మా ఆయనకి కావాల్సిందీ అదే. సందులో కారు పెట్టే చోటు కోసం రోజూ పక్కింటివాళ్లతో గొడవపడలేక విసిగిపోయాడు. ఇంటికి చేరేలోపే తన ఆఫీసులో అశోక్‌కి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి చూసుకోమన్నాడు. నాతో మాటవరసకైనా అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ చీకటితో లేచి, కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్లాలా? చచ్చినా అమ్మను అనుకున్నాను. ఆ ఎల్లాజీ చెప్పింది వేదమా ఏమిటి?

మా నాన్న చలమయ్య ముప్ఫై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు చూసిన మనిషి. శనివారం పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ షెడ్డుకి వెళ్లాను. నరేష్ కూడా వచ్చాడు, మొహం ముడుచుకుని.

నాన్న ఇంజను ఆన్ చేయించి, ఏసీ పెట్టించి, బానెట్ కింద లావుపాటి పైపు మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"పుష్పా, ఇలాగ రా. నువ్వూ సెయ్యెట్టు."

పైపు చల్లగా, తడితడిగా ఉంది.

"ఏటి ఎల్లాజీ బాబూ, కంప్రెసర్ పోతే పైపుకి సెమటెందుకు పడతాది?"

ఎల్లాజీ వచ్చి తనూ ముట్టుకుని చూశాడు. "లోపల సల్లగా లేదు గదా పెద్దాయనా. అంచేత కంప్రెసరే అనుకున్నాను."

"మొన్న ఈ పైపు ముట్టుకున్నావా?"

ఎల్లాజీ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా నాన్న కార్లో కూర్చుని, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాడు.

"సల్లదనం పుడతంది. బయటికి రాట్లేదు, అంతే. దారిలో ఎక్కడో ఆగిపోనాది. గాలి దారి ఇప్పి సూడు."

ఎల్లాజీ డాష్‌బోర్డు డబ్బా ఊడదీసి, దాని వెనక నుంచి ఫిల్టర్ బయటికి లాగాడు. నిగనిగలాడుతోంది. ఎందుకు నిగనిగలాడదు? పాలిథీన్ కవర్లోనే ఉంది, కంపెనీ స్టిక్కరుతో సహా.

దాన్ని ఫిబ్రవరిలో మార్చింది నరేష్, ఫోన్లో వీడియో చూసి. ఏసీ అవసరం పడింది మార్చిలో. మా వీధిలో ఎక్కడ చూసినా నల్లదుమ్ము. దాని భయంతో మా ఇంట్లో కొత్త వస్తువు ఏదీ కవరు విప్పుకోదు. రిమోటు కవర్లోనే, మిక్సీ కవర్లోనే, సోఫా కవర్లోనే. అయినా ఇలాంటిది నేను కూడా ఊహించలేదు.

అందరం నరేష్ వైపు చూశాం.

"కొత్తది గదా," అన్నాడు గొంతు సవరించుకుని. "దుమ్మట్టేస్తాదని ఉంచీసేను."

"దుమ్ము పట్టడానికే గదా బావా అదున్నాది!" అని ఎల్లాజీ నవ్వలేక టైరు మీద కూలబడ్డాడు. నెలరోజులు ఆ కార్లో ఉడికిపోయిన నాకు ముందు కోపమే వచ్చింది. మా నాన్న భుజాలు ఎగిరెగిరిపడుతుంటే చూసి నేనూ నవ్వేశాను.

కవరు చింపి ఫిల్టర్ పెట్టగానే చల్లటి గాలి మొహానికి కొట్టింది. ప్రాణం లేచొచ్చింది. ఎల్లాజీ నా దగ్గరికొచ్చి, "తప్పు నాదే అక్కా, ముందే ముట్టుకు సూడాల్సింది," అన్నాడు.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నాన్న పక్కన, నరేష్ వెనక.

"అశోక్‌కి ఫోన్ చెయ్యి," అన్నాను.

చేశాడు. "బావా, కంప్రెసర్ మొత్తం పోనాదంట. నీకొద్దులే."

అంత చల్లగా కూర్చుని అంత పచ్చి అబద్ధం! కవరు సంగతి ఆఫీసులో తెలిస్తే ఇంకేమైనా ఉందా మరి?

అశోక్ గొంతు ముందు సీటు దాకా వినబడింది. "పర్లేదు బావా, అద్దాలు దించుకుని తిరుగుతాను. రేపొచ్చి అట్టుకుపోతాను."

నరేష్ అద్దంలోంచి నా వైపు దీనంగా చూశాడు. నేను ఏసీ ఇంకొంచెం పెంచాను. నాన్న కిటికీ వైపు తిరిగిపోయాడు.

"అది కాదు బావా..." నరేష్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "ఇది పుష్ప బండి. పుష్ప అమ్మదు."

నా పేరుతో ఆ బండిని అతను పిలవడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గేరు వేసి, మెయిన్ రోడ్డు ఎక్కించాను.